రాత్రి మొద్దు

వెర్మాంట్ ఉత్తరపు కొండల్లో చలికాలమంతా పొయ్యి ఆరకుండా నడపడం అందరూ చేసే పనే. కానీ డీలియా మోరోలా నడిపినవాళ్లు లేరని చుట్టుపక్కల వాళ్లందరూ ఒప్పుకునేవారు. అక్టోబరు మూడో వారంలో ఆవిడ అగ్గిపుల్ల గీసిందంటే మళ్లీ గీసేది వచ్చే అక్టోబరులోనే. పడుకునే ముందు మనిషి తొడంత లావున్న పచ్చి మేపుల్ మొద్దునొకదాన్ని, చీల్చకుండా అలాగే, పొయ్యిలోకి దొర్లించి గాలి దూరే సందులన్నీ బిగించేది. పచ్చిది కాబట్టి అది సరిగా మండదు, అలాగని ఆరదు. రాత్రంతా నీలం పొగ కక్కుతూ కునుకు తీస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి డీలియా లేచి కదిపితే కింద ఎర్రటి నిప్పులు సిద్ధంగా ఉండేవి. దాన్ని ఆ కొండల్లో రాత్రి మొద్దు అంటారు. ఏ మొద్దు ఎంచాలో, ఎలా పెట్టాలో ఆవిడకి అత్తగారు నేర్పింది. ఆ అత్తగారు ఇంకే విషయంలోనూ కోడల్ని మెచ్చుకున్న పాపాన పోలేదు కనుక, ఈ ఒక్క విద్య మీద డీలియాకి కాస్త ఎక్కువ మమకారం ఉండేది.

ఆవిడ భర్త లూసియన్ ఇరవై ఆరేళ్లు గ్రానైటు షెడ్డులో రాళ్లు కోశాడు. యాభై ఎనిమిదేళ్లకే ఊపిరితిత్తులు పాడై ఇంట్లో కుర్చీకి అతుక్కుపోయాడు. పది అడుగులు నడిస్తే ఆయాసం, నవ్వితే దగ్గు. అయినా నవ్వడం మానలేదు, అది వేరే సంగతి. డీలియా ఆ షెడ్డు యజమానుల్ని తిట్టని రోజు లేదు. వంట చేస్తూ తిట్టేది, మేకల పాలు పితుకుతూ తిట్టేది. మొగుడి ఊపిరి తిన్నది ఆ రాతి దుమ్మేనని ఆవిడకి రవ్వంత సందేహం కూడా లేదు.

నెలకోసారి వచ్చి లూసియన్ ఛాతీ చూసిపోయే నర్సు మిసెస్ ప్రాట్ అక్టోబరులో ఒక చిన్న తెల్లటి పెట్టె తెచ్చి అతని కుర్చీ పక్కన అరలో పెట్టింది. గాలిలో పొగ ఎంతుందో అది అంకెల్లో చూపిస్తుంది. పన్నెండు దాటకూడదట. మర్నాడు పొద్దున చూస్తే తొంభై నాలుగు ఉంది.

"పెట్టె పాడైనట్టుంది" అంది డీలియా.

పెట్టె పాడవలేదు. రెండు వారాలు చూసి మిసెస్ ప్రాట్ కూర్చోబెట్టి చెప్పింది. పాత పొయ్యి అప్పగించిన వాళ్లకి కొత్తది పెట్టించే పథకం ఒకటుంది, వెంటనే పెట్టించుకోవాలి. నవంబరు ఇరవైన తను మళ్లీ వస్తుంది. ఆ రోజుకి ముందు వరసగా మూడు రోజులు అంకె పన్నెండు లోపు ఉండాలి. లేకపోతే లూసియన్ టౌనులో వాళ్లక్క సిమోన్ ఇంటికి వెళ్లాలి, అక్కడ గ్యాసు వేడి ఉంది కాబట్టి. ఏప్రిల్ దాకా అక్కడే. డాక్టరుగారి మాట కూడా అదే.

మంచు పడ్డాక బరువైన గ్యాసు బండి ఈ కొండ ఎక్కదు. పంతొమ్మిది పాడి మేకల్ని రెండు పూటలా పితకాలి కనుక డీలియా కొండ దిగలేదు. అంటే అయిదు నెలలు తను ఒకచోట, అతను ఒకచోట. పెళ్లయిన ముప్ఫై ఒక్క ఏళ్లలో వాళ్లు వారం రోజులు విడిగా ఉన్నది లేదు. పైగా, పది అడుగులకి ఆగిపోయే మనిషి అయిదు నెలలు పోతే తిరిగొస్తాడో రాడో. ఆ భయం డీలియా ఎవరితోనూ అనలేదు గానీ, ఆ రోజు నుంచి ఆవిడకి తిండి సహించలేదు.

నవంబరు ఎనిమిదిన ఆర్డిస్ కోబ్ కొత్త పొయ్యి తీసుకొచ్చింది. ఆర్డిస్ పొగగొట్టాలు దులిపే మనిషి. నలభై దాటింది, ఎదుటివాళ్ల మొహం చూసి మాట తగ్గించే అలవాటు లేదు. పాత గొట్టం దులిపితే గాజులా గట్టిపడ్డ నల్లటి తారు రెండు బకెట్ల నిండా రాలింది.

"ఇన్నాళ్లూ మీ ఇల్లు తగలబడకపోవడమే వింత" అంది.

కొత్తది పొట్టిగా, బూడిదరంగులో, ముందు గాజు తలుపుతో ఉంది. పైన అయస్కాంతంతో అంటుకున్న గుండ్రటి బిళ్ల, దాని మీద వేడి ఎంతో చూపించే ముల్లు. కింద గాలి తగ్గించే, పెంచే మీట ఒకటే.

"డీలియా గారూ, ఇది మీ పాత పొయ్యి కాదు" అంది ఆర్డిస్. "ముందు దీన్ని బాగా వేడెక్కనివ్వండి. ముల్లు అయిదొందల డిగ్రీలు చూపించాక అప్పుడు గాలి తగ్గించండి, అదీ మెల్లిగా. లోపల పైన గొట్టాలున్నాయి చూశారా, వాటిలోంచి వేడిగాలి దిగి పొగని కూడా కాల్చేస్తుంది. చల్లగా ఉండగానే మీట మూసేశారంటే ఆ పొగ గొట్టంలో పేరుకుంటుంది, తలుపు తీసిన ప్రతిసారీ ఇంట్లోకొస్తుంది."

డీలియా ఊఁ కొట్టింది. తనకి పొయ్యి నడపడం నేర్పడానికి ఇంకో మనిషి పుట్టాలనుకుంటూ కొట్టింది. ఆర్డిస్ బండి మలుపు తిరిగీ తిరగకముందే ఆమె రాజేసిపోయిన నిప్పు మీదికి పచ్చి మేపుల్ మొద్దు ఒకటి దొర్లించింది.

మర్నాడు పొద్దున గాజు తలుపు బొగ్గు రాసిన పలకలా ఉంది. లోపల నిప్పు లేదు. మొద్దు పైపైన నల్లబడి, చివర్ల నుంచి నురగ కక్కుకుని చల్లారిపోయింది. పెట్టె ఎనభై ఎనిమిది చూపిస్తోంది. ఎన్నో ఏళ్ల తర్వాత డీలియా నవంబరు నెలలో అగ్గిపుల్ల గీసింది.

"కొత్తది కదా, నీ మొహం చూసి బెదిరిపోయినట్టుంది" అన్నాడు లూసియన్, మూడు విడతల్లో, మధ్యలో దగ్గుతూ.

"నోరు మూసుకుని ఊపిరి పీల్చుకో" అంది డీలియా.

రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. పదకొండో తారీకున మూతి ముడుచుకునే ఆర్డిస్‌కి ఫోన్ చేసింది. ఆర్డిస్ వచ్చి పొయ్యి వైపు చూడనే లేదు. తిన్నగా కట్టెల సావిట్లోకి పోయి, రాత్రి మొద్దుల దొంతిలోంచి ఒకటి లాగి గొడ్డలితో చీల్చింది. జేబులోంచి కట్టెలో తడి ఎంతో చూపించే, రెండు సూదులున్న చిన్న పరికరం తీసి కొత్తగా చీలిన వైపు గుచ్చి, డీలియాకి చూపించింది. ముప్ఫై ఆరు.

"ఇరవై లోపుండాలి. మీరు కట్టెలు కాల్చట్లేదండీ, నీళ్లు కాస్తున్నారు."

"మా అత్తగారు నలభై ఏళ్లు ఇవే కాల్చింది."

"ఆవిడ దేంతో పోయారు?"

డీలియా ఆ చీలిన మొద్దు వైపు చూసింది. అత్తగారు ఛాతీ జబ్బుతోనే పోయింది. ఆఖరి రెండేళ్లు ఆ వంటింటి కిటికీ పక్కనే దగ్గుతూ కూర్చునేది. ఆవిడ బతుకులో ఒక్క రోజు కూడా గ్రానైటు షెడ్డు గుమ్మం తొక్కలేదు.

ఇద్దరూ ఇంట్లోకి వచ్చారు. ఆర్డిస్ చెప్పేదంతా ఈసారి డీలియా వింది, మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. లూసియన్ మాత్రం కిటికీలోంచి మేకల్ని లెక్కపెడుతున్నట్టు అటే చూస్తూ కూర్చున్నాడు.

"మూడేళ్లు ఎండిన కట్టె కావాలి. యాష్ చెట్టుదైతే మరీ మంచిది" అంది ఆర్డిస్ పోతూ పోతూ. "మీకు దగ్గర్లో అలాంటివి దాచుకునే మనిషి ఎవరున్నారో మీకే తెలియాలి."

తెలుసు. అందుకే డీలియాకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎదుటి కొండ మీద ఎవరెట్ స్టాడర్డ్ ఉంటాడు. డెబ్బై నాలుగేళ్లు, ఒంటరి. మార్చిలో మేపుల్ చెట్ల నీరు కాచి పాకం తీస్తాడు, దానికని చూరు కింద యాష్ కట్టెలు ఏళ్ల తరబడి ఎండబెట్టుకుంటాడు. కానీ పొయ్యి విషయంలో పరమ బద్ధకస్తుడు. రోజూ రాత్రి ఆర్పేసి పొద్దున మళ్లీ అంటించుకుంటాడు. పొద్దున్నే పొగ లేని అతని ఇంటి గొట్టం గురించి చెప్పి చర్చి విందుల్లో పదిమందినీ నవ్వించడం డీలియాకి ఏటేటా ఒక ముచ్చట.

మర్నాడు ట్రక్కు అతని వాకిట్లో ఆపి దిగింది.

"పెద్దాయనా, ఎండిన కట్టెలు కావాలి."

ఎవరెట్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అతని చెవులు శుభ్రంగా పనిచేస్తాయి.

"ఏం కావాలన్నావమ్మాయ్? ఈ మధ్య సరిగా వినపడి చావట్లా."

"కట్టెలు."

"కట్టెలా. నా దగ్గరా. మొన్న విందులో నా ఇంటినేదో అన్నావంట."

"మంచుపెట్టె అన్నా."

"అంతకు ముందేడు?"

"శవపేటిక అన్నా. దానికి ముందేడు ఏమన్నానో కూడా చెప్తాను గానీ, చలిలో నిలబెట్టి అడక్కు. లూసియన్‌ని టౌనుకి పంపించేస్తామంటున్నారు. ఇంట్లో పొగ తగ్గకపోతే. ఇంక ఎనిమిది రోజులే ఉంది."

ఎవరెట్ చెయ్యి చెవి మీద నుంచి దిగింది. కాసేపు బూటు కాలితో మంచుని తోశాడు.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా. ఇంతసేపు నా చేత వాగించావ్."

ట్రక్కు వెనక్కి తిప్పమని తనే చూరు కిందికి నడిచాడు. కట్టెలు అందిస్తూ ఒకదాన్ని ఇంకోదానికి కొట్టి చూపించాడు. ఖంగుమని మోగాయి. బదులుగా డీలియా తన పచ్చి మేపుల్ దొంతులన్నీ ఇచ్చేస్తానంది, అతని చూరు కింద రెండేళ్లుంటే అవీ ఎండుతాయి.

"మరి ఈ మార్చిలో పాకం దేంతో కాస్తావ్?" అనడిగింది.

"నీకెందుకవన్నీ? ఎక్కడో పుల్లలు ఏరుకుంటాలే. ముందు మీ ఆయన్ని చూసుకో."

పదమూడో తారీకు పొద్దున డీలియా ఆ యాష్ కట్టెలు పొయ్యి నిండా కుక్కింది. అలవాటు చెయ్యి కదా, కుక్కడమే తెలుసు. అంటించి, మీట మొత్తం తెరిచి, పాలు పితకడానికి పోయింది. పచ్చి కట్టె రాజుకోవడానికి ఎప్పుడూ గంట పట్టేది, ఆ గంటలో మేకల పని అయిపోయేది. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ పొద్దు సాగేది ఆ లెక్కలోనే.

ఏడో మేక దగ్గర ఉండగా ఏదో హోరు వినపడింది. తల తిప్పి చూస్తే పొగగొట్టం మీద గాలి అలలు అలలుగా వణుకుతోంది. పాల చెంబు ఎక్కడ వదిలేసిందో ఆవిడకే తెలియదు, పరుగెత్తింది.

ముల్లు ఎనిమిది వందల యాభై దాటి ఉంది. పొయ్యి మీది గొట్టం మొదలు మసక ఎరుపులోకి తిరిగింది. పొయ్యి ముందు నేల మీద లూసియన్ మోకాళ్ల మీద ఉన్నాడు. కుర్చీ నుంచి అక్కడికి పాక్కుంటూ వచ్చి మీట మూసేశాడు. చెయ్యి ఇంకా దాని మీదే ఉంది. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మాట రావడం లేదు.

డీలియా అతన్ని చంకల కింద పట్టి వెనక్కి లాగి కుర్చీలో కూర్చోబెట్టింది. వాకిలి తలుపు తీసింది. మంట మితిమీరితే పొయ్యి తలుపు ముట్టుకోవద్దని ఆర్డిస్ చెప్పిన మాట గుర్తుంది, అందుకని అలాగే నిలబడి చూసింది. ముల్లు ఆరొందలకి దిగడానికి ముప్పావు గంట పట్టింది.

లూసియన్ వేలెత్తి అర చూపించాడు. పెట్టెలో అంకె తొమ్మిది.

"చూశావా" అన్నాడు, ఊపిరి కూడదీసుకుంటూ. "గెలిచాం. ఇల్లు కాల్చేస్తే చాలు."

డీలియాకి నవ్వు రాలేదు. కింద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకుంది.

"నా వల్ల కాదు. మీ అక్క దగ్గరికి పోదువుగాని. అక్కడైనా బతికుంటావు."

"సిమోన్ వంట తిని బతికినవాడు లేడు." అతను ముల్లు వైపు చూపించాడు. "ఇదిగో, ఇలా విను. నేనెలాగూ పొద్దుగూకులూ దీని ఎదురుగానే కూర్చుంటా. ఇక మీదట ముల్లు నాది, కట్టెలు నీవి. నేను చెప్పిందాకా మీట ముట్టుకోకు."

"నీకేం తెలుసు పొయ్యి సంగతి?"

"రంపం సంగతి తెలుసు. రాయి మీదకి రంపాన్ని తోసేసినవాడికి ఆ రాయి అడ్డంగా పగిలేది. కొంచెం వదిలి, అదేమంటుందో చూసి, మళ్లీ కొంచెం వదలాలి. ఇదీ అంతే. నువ్విప్పుడు చేసినదానికి ఇది పావుగంట తర్వాత జవాబు చెప్తుంది. నువ్వేమో అయిదు నిమిషాలు చూసి ఇంకోటి చేస్తావ్. నీకెప్పుడూ అంతే, జవాబు వినే ఓపిక లేదు."

నిజమే కాబట్టి డీలియాకి ఒళ్లు మండింది. మండినా విన్నది.

అలా మొదలైంది. ఏడు కట్టెలు కాదు, మూడు. సన్న పుల్లలు అడుగున కాదు, పైన. పై నుంచి కిందికి మెల్లిగా అంటుకోవాలి. లూసియన్ కళ్లజోడు సర్దుకుని ముల్లు చదివేవాడు. మూడొందలు. నాలుగొందలు. డీలియా చెయ్యి మీట వైపు పోయేది.

"ఆగు."

"నాలుగొందల యాభై అయ్యిందిగా."

"అయిదొందలన్నారు. ఆగమంటే ఆగు, రాలిపోయే వయసేం కాదు నీది."

అయిదొందలకి మీట సగం మూయాలి. పావుగంట కూర్చోవాలి. ఆ పావుగంటలో డీలియా లేచి గిన్నెలు తోమబోతే అతను కూర్చోమనేవాడు. ముప్ఫై ఏళ్లలో పట్టపగలు మొగుడి పక్కన ఊరికే కూర్చున్నది ఆవిడకి గుర్తు లేదు. తర్వాత మీట ఇంకో పావు. అప్పుడు మంట కట్టెల్ని వదిలేసి పైకి పోయేది. పొయ్యి లోపలి కప్పు కింద గొట్టాల వరసలో నీలంగా, బద్ధకంగా ఊగుతూ నిలిచేది. పొగే మండుతోందన్నమాట. ముల్లు ఆరొందల దగ్గర కదలకుండా ఆగేది. గాజు తేటగా ఉండేది.

అన్నిటికన్నా కష్టం తలుపు తీయడం. దబాలున లాగి కట్టె విసిరే చెయ్యి ఆవిడది. అలా లాగితే పొగ గదిలోకి దొర్లుకొచ్చి పెట్టె నలభైకి ఎగిరేది, లూసియన్ దగ్గు అందుకునేది. ముందు మీట పూర్తిగా తెరవాలి. తలుపు వేలెడు సందు తీసి, పొగ గొట్టం దారి పట్టేదాకా ఆగి, అప్పుడు నెమ్మదిగా తెరవాలి. పదిసార్లు మర్చిపోయింది. మర్చిపోయినప్పుడల్లా అతను దగ్గాడు. ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. పదకొండోసారి నుంచి మర్చిపోలేదు.

పద్నాలుగున రోజు మొత్తం మీద ముప్ఫై ఒకటి. పదిహేనున ఇరవై రెండు. పదహారున పదిహేను. పదిహేడున పది.

పద్దెనిమిదో తారీకు సాయంత్రానికి సున్నాకి పది డిగ్రీలు కిందికి పడిపోయింది చలి. కొత్త పద్ధతిలో తెల్లారేసరికి ఇల్లు చల్లబడుతోంది, పొయ్యి వెనక మూల గుప్పెడు నిప్పులే మిగులుతున్నాయి. డీలియాకి అది సిగ్గుగా ఉంది. ఊపిరి లేని మనిషిని చలిలో పడుకోబెట్టడమేమిటనిపించింది. చీకటి పడే వేళకి సావిట్లోకి పోయి, ఎవరెట్ ఇంకా తీసుకుపోని దొంతిలోంచి మంచి మొద్దు ఒకటి ఎత్తుకుంది. ఈ ఒక్క రాత్రికే అనుకుంది. దాన్ని పసిపిల్లలా రొమ్ముకి ఆనించుకుని గుమ్మంలోకి వచ్చింది.

లూసియన్ మొద్దు వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు.

ఆవిడ అలాగే నిలబడింది. మొద్దు బరువుకి చేతులు లాగుతున్నాయి. ఏమైనా అంటే బాగుండును, దెబ్బలాడి గెలిచేది. అనకపోయేసరికి పెట్టె వైపు చూడాల్సి వచ్చింది. తొమ్మిది. మొద్దుని అరుగు మీద పడేసి, అలమర్లోంచి ఇంకో దుప్పటి తెచ్చి అతని కాళ్ల మీద కప్పింది. ఎనిమిదింటికి యాష్ కట్టెలు నాలుగు పెట్టి, అవి అన్ని వైపులా నల్లబడేదాకా కూర్చుని, మీట దించింది.

పంతొమ్మిదిన పొద్దున్నే కుక్క మొరిగింది. చూస్తే వాకిట్లో ఎవరెట్ ట్రక్కు, తలుపు తెరిచే ఉంది, ఇంజను నడుస్తూనే ఉంది. ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని ఇంటి కప్పు వైపు చూస్తున్నాడు.

"ఏమైంది పెద్దాయనా?"

"పొగ లేదు" అన్నాడు. "ముప్ఫై ఏళ్లుగా లేవగానే చూస్తాను మీ గొట్టం. ఇవాళ పొగ లేదు. వాణ్ణి తీసుకుపోయారనుకున్నా. లేదంటే..." మిగతాది మింగేశాడు.

డీలియా అరుగు దిగి తనూ తలెత్తి చూసింది. గొట్టం మీద వేడికి గాలి వణుకుతోంది, అంతే. పైన ఆకాశం శుభ్రంగా ఉంది.

"పొయ్యి మండుతోంది" అంది. "ఆరొందల్లో ఉంది."

"మండుతుంటే పొగేది?"

"లోపలే కాలిపోతోంది. రా, కాఫీ తాగి చూద్దువుగాని." ఆవిడ రెండడుగులు వేసి ఆగింది. "నీ ఇంటిని శవపేటిక అన్నాను చూడు. అది తప్పే."

"మంచుపెట్టె?"

"అది తప్పు కాదు."

ఇరవైన మిసెస్ ప్రాట్ వచ్చింది. పెట్టె నొక్కి వెనకటి మూడు రోజులు చూసింది. పది, తొమ్మిది, ఎనిమిది. ఇంకోసారి నొక్కి అవే చూసింది. లూసియన్ ఛాతీ మీదా వీపు మీదా స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. ఈ చలికాలం ఇక్కడే ఉండొచ్చు అంది. డీలియా వంటింట్లోకి పోయి, అక్కర్లేకపోయినా కుళాయి తిప్పి, కొంతసేపు నీళ్ల కింద చేతులు పెట్టుకుని నిలబడింది.

తిరిగొచ్చేసరికి మిసెస్ ప్రాట్ కాగితం మీద రాసుకుంటూ ఏదో అడుగుతోంది.

"పనిచేసే రోజుల్లో దగ్గు ఎప్పుడెక్కువుండేది లూసియన్? షెడ్డులోనా, ఇంట్లోనా?"

లూసియన్ డీలియా వైపు చూశాడు.

"గుర్తులేదు" అన్నాడు.

నర్సు కారు కొండ దిగేదాకా డీలియా గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత అతని ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"నీకు గుర్తు లేకపోవడమేంటి? మన పెళ్లిలో వాన ఎన్నింటికి మొదలైందో చెప్తావు నువ్వు."

"పోనీలే ఇప్పుడు."

"చెప్పు."

అతను పొయ్యి వైపు చూస్తూ చెప్పాడు. "సోమవారం షెడ్డుకి పోతే మధ్యాహ్నానికి కొంచెం తేలికయ్యేది. తక్కినవాళ్లందరికీ ఆదివారం హాయిగా ఉండేది, దుమ్ముకి దూరంగా. నాకు చలికాలం ఆదివారాలే కష్టంగా ఉండేవి. మొదట్లో అనుమానం, తర్వాత తెలిసిపోయింది. దుమ్ము మంచిదని కాదు. అది తినాల్సింది అదీ తింది."

"ఎప్పుడు తెలిసింది?"

"మా అమ్మ పోయిన ఏడు."

అంటే పద్దెనిమిదేళ్లు. పద్దెనిమిది చలికాలాలు ఆవిడ రోజుకో మొద్దు ఎంచి, తడిమి, మోసుకొచ్చి అతని పక్కన పెట్టింది. పెట్టి, షెడ్డు వాళ్లని తిట్టింది.

"నోరు లేదా నీకు?" అంది. "ఒక్క మాట. ఒక్క మాట అనడానికి ఏం పోయింది? మొన్న కూడా ఆ మొద్దు పట్టుకుని నిలబడితే దుప్పటి కప్పుకున్నావు గాని వద్దనలేదే."

"నాలుగింటికి లేచేదానివి" అన్నాడు లూసియన్. "ఆ చలిలో, కోటేసుకుని, చప్పుడు కాకుండా. నేను నిద్రపోతున్నాననుకునేదానివి. నేను లేచేసరికి ఇల్లు వెచ్చగా ఉండాలని. నాకోసం అంతలా చేసినవాళ్లు ఎవరున్నారు? దాన్ని పట్టుకుని, ఇదే నన్ను చంపుతోందని ఎలా చెప్పను?"

డీలియా ఏడ్చింది. ఆపుకోవాలని కూడా చూడలేదు. అతను చెయ్యి చాపితే తోసేసింది, మళ్లీ తనే పట్టుకుంది. కోపం ఎక్కువుందో దుఃఖం ఎక్కువుందో ఆవిడకే తెలియలేదు. చాలాసేపటికి ముక్కు తుడుచుకుంది.

"ఇంక దాచొద్దు. కష్టంగా ఉంటే కష్టంగా ఉందని చెప్పు. నేనేమీ విరిగిపోను. ఇంకా ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు, ఒకేసారి ఏడుస్తాను."

లూసియన్ ఆలోచించాడు. చెప్పాలా వద్దా అని అతను తటపటాయించడం ఆవిడకి కనపడుతూనే ఉంది.

"ఈ గది నాకు ఉడుకుగా ఉంటుంది" అన్నాడు చివరికి. "ఎప్పుడూ ఉంటుంది. నాకు వేడి పడదు, డీలియా. కొంచెం కిటికీ తీస్తావా?"

నవంబరు నెలలో, పొయ్యి మండుతుండగా, కిటికీ. ఆ కొండ మీద ఎవరైనా వింటే మనిషికి మతి పోయిందనుకుంటారు. డీలియా లేచి, అతని కుర్చీ పక్క కిటికీకి చలి రాకుండా సందుల్లో కుక్కిన గుడ్డపేలికలు ఒక్కొక్కటే లాగేసింది. బిగుసుకుపోయిన చెక్కని అరచేత్తో కింద నుంచి రెండుసార్లు గుద్ది పైకెత్తింది. చల్లగాలి లోపలికి వచ్చింది. లూసియన్ కళ్లు మూసుకుని మొహం అటు తిప్పుకున్నాడు.

"చాలా, ఇంకా తీయనా?" అనడిగింది డీలియా.

"ఇంకొంచెం" అన్నాడు.